పదిని ఏడని చెప్పడం

నా కారు బానెట్ కింద అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన పరికరం ఒకటుంది. దాని ఉద్యోగం అబద్ధం చెప్పడం. ఈ మాట అలంకారం కోసం అనట్లేదు. దాన్ని తయారు చేసిందీ, నేను డబ్బులు పోసి కొన్నదీ, కంప్యూటర్‌కి తగిలించి సెకనుకి పాతిక ముప్పైసార్లు టకటకలాడిస్తున్నదీ అందుకే. ఒత్తిడి పది ఉంటే, వినాల్సినవాడికి అది ఏడని చెప్పాలి. ఎనిమిదని చెబితే కారు నీరసపడుతుంది. అయిదని చెబితే ఇంజన్‌కే ముప్పు. సరిగ్గా ఏడని చెప్పాలి.

పోయిన చలికాలం ఈ అబద్ధం లెక్క తప్పింది. ఎక్కడ తప్పిందో కనిపెట్టడానికి నాకు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల్లోనే తెనాలిలో మా నాన్న విషయంలో ఇంకో లెక్క కూడా తప్పింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం సబబేనా అని నాకూ అనుమానమే. కానీ ఒకటి ఆలోచిస్తుంటే రెండోది వచ్చి మధ్యలో కూర్చుంటోంది, ఏం చెయ్యను.

కారు 1995 నాటి మాజ్దా మియాటా. రెండే సీట్లు, వెనక్కి మడిచే టాపు, 1.8 లీటర్ల ఇంజన్. ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు 128 హార్స్‌పవర్. దానికి పుట్టుకతో టర్బో లేదు. తర్వాతెవరో బయట కిట్ కొని తగిలించారు. నేనుండే నార్త్ కెరొలైనాలో ఇలాంటి బళ్ళు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతూనే ఉంటాయి. నేను దీనికి నాలుగో ఓనర్నో అయిదో ఓనర్నో. బుద్ధిగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాడివి, ఎలక్ట్రిక్ కారు కొనుక్కోక ఇదేం పిచ్చిరా అని ఫ్రెండ్స్ అడిగారు. జవాబు లేదు. తలుపు తియ్యగానే పాత రెక్సిన్, పెట్రోలు కలిసిన వాసన వస్తుంది. మా నాన్న చేతక్ డిక్కీలో వచ్చేది ఆ వాసన. అంతకు మించి కారణం చెప్పలేను.

టర్బో సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. ఇంజన్ గాలి పీల్చి, పెట్రోలు కలిపి కాల్చి, పొగ వదులుతుంది. ఆ పొగలో ఇంకా బోలెడు శక్తి మిగిలి ఉండగానే అది సైలెన్సర్లోంచి బయటికి పోతుంది. దాన్ని వాడుకోవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. పొగ దారిలో ఒక చిన్న చక్రం పెడితే అది తిరుగుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఇంకో చక్రం ఉంటే, అది బయటిగాలిని ఒత్తి ఇంజన్లోకి తోస్తుంది. ఆ అదనపు ఒత్తిడే బూస్ట్. (పాలల్లో కలుపుకునేది వేరు.) దాన్ని మనం టైర్లలో గాలి కొలిచినట్టే పీఎస్ఐల్లో కొలుస్తారు. సముద్రమట్టం దగ్గర మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడే 14.7. దాని మీద ఇంకో ఏడు కలిస్తే ఇంజన్ ఊపిరి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఎక్కువ గాలి పోతే ఎక్కువ పొగ వస్తుంది. ఎక్కువ పొగ వస్తే చక్రం ఇంకా జోరుగా తిరుగుతుంది, అది ఇంకా గాలి తోస్తుంది. ఎవరో ఒకరు ఆపకపోతే ఈ వరస సులువుగా ఆగేది కాదు. ఒత్తిడి ఒక హద్దు దాటితే సిలిండర్‌లో పెట్రోలు నిప్పురవ్వ తగిలి వెలిగిన మంటతో ఆగకుండా, మిగిలింది తనంతట తానే ఒక్కసారి భగ్గుమంటుంది. రేకుడబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడొస్తుంది. నాక్ అంటారు దాన్ని. అది ముదిరితే పిస్టన్ అంచులు విరిగిపోతాయి.

ఆపేవాడి పేరు వేస్ట్‌గేట్. పొగ దారిలో పక్కగా ఉండే చిన్న తలుపు అది. తెరుచుకుంటే పొగ చక్రాన్ని తప్పించుకుని పక్కదారిన పోతుంది. ఆ తలుపుని మూసి ఉంచేది ఒక రేకుడబ్బాలోని స్ప్రింగ్. తెరిచేది, టర్బో తయారుచేసిన ఒత్తిడే. పెన్సిల్ కన్నా సన్నటి రబ్బరు గొట్టం ఒకటి టర్బో నుంచి ఆ డబ్బాకి వెళుతుంది. గొట్టంలో ఒత్తిడి ఏడుకి చేరితే స్ప్రింగ్ ఓడిపోయి తలుపు తెరుచుకుంటుంది. అధికారాన్ని ఆపడానికి ఆ అధికారంలోంచే చిటికెడు తీసి వాడటం. ఇంత పొందికైన ఏర్పాటు నేను ఇంకెక్కడా చూళ్ళేదు.

ఈ ఏర్పాటులో నన్ను మొదటిసారి భయపెట్టిన విషయం ఇంకోటుంది. ఆ గొట్టం ఊడిపోతే ఏమవుతుంది? కారు ఆగిపోతుందని అనుకున్నాను. కాదు. డబ్బాకి ఏమీ వినబడదు. వినబడకపోతే ఒత్తిడి లేదనే దాని అర్థం. కాబట్టి తలుపు మూసే ఉంచుతుంది, టర్బో ఊపేస్తూనే ఉంటుంది. కబురు తెగిపోవడానికీ, కబురు లేకపోవడానికీ ఆ డబ్బాకి తేడా తెలియదు. అంతా బానే ఉందన్నట్టే ఉంటుంది దానికి.

ఇక నా అబద్ధాల పరికరం. స్ప్రింగ్ ఏడుదే అయినా పది కావాలనుకున్నాడు పాత ఓనరు. అందుకని గొట్టం మధ్యలో సోలెనాయిడ్ వాల్వ్ పెట్టించాడు. అది గొట్టంలోని ఒత్తిడిని కొంత బయటికి వదిలేస్తుంది. అసలు పది ఉన్నప్పుడు డబ్బాకి ఏడే చేరుతుంది. కంప్యూటర్‌లో ఏ వేగం దగ్గర ఎంత శాతం వదలాలో ఒక పట్టిక ఉంటుంది. బయట దొరికే ప్రతి బూస్ట్ కంట్రోలరూ, అయిదు డాలర్ల మరచీల నుంచి అయిదొందల డాలర్ల డిజిటల్ డబ్బా దాకా, చేసేది ఈ ఒక్క పనే. విన్నవాడు ఆలస్యంగా కదిలేలా కబురుని పలచన చెయ్యడం.

డిసెంబర్లో మొదలైంది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ హైవే ఎక్కేచోట యాక్సిలరేటర్ తొక్కితే గేజ్ ముల్లు పది దగ్గర ఆగకుండా పదమూడుకి పోయింది. ఇంకోరోజు పద్నాలుగు. మూడోసారి పదిహేను తాకింది, కంప్యూటర్ పెట్రోలు ఆపేసింది. వెనకనించి ఎవరో కాలర్ పట్టుకుని లాగినట్టు కారు ఝటక్కున కుంగింది. వెనకొచ్చే ట్రక్కు హారన్ ఇప్పటికీ చెవిలో ఉంది.

నా మొదటి ఆలోచన ఏమిటో చెబితే సిగ్గుచేటు. పదిహేను దగ్గర పెట్టిన ఆ హద్దుని పద్దెనిమిదికి జరిపితే సరిపోతుంది కదా అనుకున్నాను. ల్యాప్‌టాప్‌లో ఒక్క అంకె మార్చాలి. ఇరవై సెకన్ల పని. కుదుపు ఉండదు, ట్రక్కు హారన్ ఉండదు. నన్ను ఇబ్బంది పెడుతున్నది రోగం కాదు, రోగాన్ని చెబుతున్న కుదుపు. వేలు ఆ అంకె మీద దాకా వెళ్ళింది. మా వీధి చివర ఉండే పెద్దాయన గుర్తొచ్చి ఆగాను. ఒకప్పుడు విమానాల మెకానిక్కు. ఆయనకి ఈ ఆలోచన చెప్పాల్సొస్తే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను, అంతే. నా నిజాయితీ గొప్పతనం ఏమీ లేదు అందులో.

ఆయన వచ్చి చూసి వేస్ట్‌గేట్ తలుపు బిగుసుకుపోయిందన్నారు. తీసి చూస్తే వెన్నలా కదులుతోంది. నేను సోలెనాయిడ్ పోయిందన్నాను. డెబ్భై డాలర్లు పెట్టి కొత్తది వేశాను. తేడా లేదు. చలిగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి బూస్ట్ పెరుగుతుందని ఇద్దరం కలిసి ఒక సిద్ధాంతం చేశాం. అది అబద్ధం కాదు, చలికి కొంత పెరుగుతుంది కూడా. కానీ పొద్దున్నపూట ఇంకా చలి కదా, మరి పొద్దున్న వెళ్ళేటప్పుడు ముల్లు బుద్ధిగా పది దగ్గరే ఎందుకుంటోంది? ఆ ప్రశ్న వేసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. సగం నిజమైన కారణం దొరికితే మనిషి వెతకడం మానేస్తాడు.

గొట్టాలన్నీ సబ్బునీళ్ళతో పరీక్ష చేశాను. టర్బో మూతి బిగించి కంప్రెసర్తో గాలి ఎక్కించి, కీలు కీలుకీ సబ్బునీళ్ళు చల్లి, బుడగల కోసం టార్చి వేసి చూడటం. ఒక్క బుడగ రాలేదు. ఇక విసుగొచ్చి పట్టికలో శాతాలు తగ్గించేశాను. అంటే అబద్ధం మోతాదు తగ్గించాను. సాయంత్రాలు ముల్లు పది దగ్గరికి వచ్చింది. పొద్దున్నలు మాత్రం ఎనిమిదికి పడిపోయింది. మన క్యాబ్ డ్రైవర్ల భాషలో పికప్ పోయింది. పోనీలే, పొద్దున్న ఎవడికి తొందర అని సరిపెట్టుకున్నాను. ఎక్కడో నాకు తెలియని తప్పు ఉంది, దానికి ఎదురు తప్పు ఒకటి నేను పెట్టాను, రెండూ కొట్టేసుకుంటున్నాయి. పదిరోజులు అలాగే నడిపాను.

ఆ పదిరోజుల్లోనే వీడియో కాల్‌లో నాన్న మణికట్టు కనబడింది. లోపలివైపు నల్లగా కమిలి ఉంది. ఏంటది అంటే సెలైన్ పెట్టారన్నారు. ఎందుకు పెట్టారంటే గ్యాస్ ట్రబుల్ అంది అమ్మ. మణికట్టులో సెలైన్ ఎవరు పెడతారు? అక్కకి చేస్తే ఆ నెట్‌వర్క్ అప్పుడే పోయింది. చివరికి బావ నోరు జారాడు. పన్నెండు రోజుల కిందట గుంటూరులో స్టెంట్ వేశారు. మణికట్టులోని రక్తనాళం గుండా లోపలికి వెళ్ళిన మచ్చ అది. రెండు రోజులు ఐసీయూ. ఆ రెండు రోజులూ నాతో మాట్లాడారు అందరూ. ఒకరోజు నేను ఈ సబ్బునీళ్ళ పరీక్ష గురించే అమ్మకి చెప్పాను, ఆవిడ ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఊఁ కొడుతూ విన్నది.

నేను అరిచాను. అక్క కూడా అరిచింది. "నీకు చెబితే ఏం చేస్తావురా? విమానం ఎక్కుతావు. ఎక్కితే మళ్ళీ నీ వీసా స్టాంపింగని ఇంకో గొడవ. అక్కడ నువ్వు నిద్రపోవు, ఇక్కడ నేను నిన్ను కూడా ఓదార్చాలి. పక్కన ఉన్నది నేను. ఎవరికి ఎంత చెప్పాలో నాకు వదిలెయ్." దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. పక్కనుండి మందులు వేసి, ఆటో పిలిచి, బిల్లు కట్టినవాళ్ళకి కబురుని పలచన చేసే హక్కు కొంత వస్తుందనే అనుకుంటాను.

1797లో కాంట్ ఈ ప్రశ్న మీదే ఒక వ్యాసం రాశాడు. మీ స్నేహితుడు మీ ఇంట్లో దాక్కున్నాడు, హంతకుడొచ్చి లోపలున్నాడా అని అడిగాడు. అప్పుడైనా అబద్ధం చెప్పొచ్చా? చెప్పకూడదన్నాడాయన. ఆ వ్యాసాన్ని చదివి ఒప్పుకున్న తెలుగువాణ్ణి నేనింకా చూడలేదు. మనకి శుక్రాచార్యుడున్నాడు. పెళ్ళి విషయంలో, ప్రాణం మీదికొచ్చినప్పుడు, మానం పోయేటప్పుడు అబద్ధమాడితే పాపం లేదని బలిచక్రవర్తికి ఆయన చెప్పిన జాబితా పోతన పుణ్యమా అని బళ్ళో చదువుకున్న ప్రతివాడికీ వచ్చు. కానీ అదే కథలో ఆ తర్వాత ఏం జరిగిందో మనం దీనితో కలిపి చెప్పుకోం. మాట వినకపోయేసరికి ఆయన సూక్ష్మరూపంలో నీళ్ళు పడే దారికి అడ్డంగా కూర్చున్నాడు. వామనుడు దర్భతో పొడిచి దారి తీశాడు. కన్ను పోయింది. శిష్యుడి మేలు కోరే అడ్డుపడ్డాడు పాపం.

జనవరి చివరి ఆదివారం పెద్దాయన ఒక మాటన్నారు. సోలెనాయిడ్‌ని మొత్తం పక్కన పెట్టు, టర్బో నుంచి డబ్బాకి నేరుగా కొత్త గొట్టం వెయ్యి, ఏం చూపిస్తుందో చూడు. ఇది అసలు మొదటిరోజే చెయ్యాల్సిన పరీక్షని తర్వాత తెలిసింది. మధ్యవాళ్ళని తీసేస్తే స్ప్రింగ్ ఏం చెబుతుందో అదే రావాలి. వేశాను. నలభై నిమిషాలు తిప్పి ఇంజన్ బాగా వేడెక్కాక తొక్కితే ముల్లు ఏడు దగ్గర గోడకి కొట్టినట్టు ఆగింది. అంటే తలుపు మంచిది, స్ప్రింగ్ మంచిది, టర్బో మంచిది.

ఆ తర్వాత పాత గొట్టాలు మళ్ళీ తగిలించి, సోలెనాయిడ్‌ని సున్నా శాతంలో పెట్టాను. సున్నా అంటే ఏమీ వదలకు, ఉన్నదున్నట్టు చెప్పు అని. అప్పుడు కూడా ఏడే రావాలి. బండి వేడెక్కేదాకా ఏడే వచ్చింది. వేడెక్కాక తొమ్మిది. అబద్ధం చెప్పే పరికరాన్ని ఆపేసినా అబద్ధం ఆగలేదు! అంటే రెండోవాడు ఇంకెవరో ఉన్నారు.

దొరికాడు. సోలెనాయిడ్‌కీ డబ్బాకీ మధ్య, గొట్టం మీద వేడి తగలకుండా తొడిగిన గుడ్డతొడుగు కింద, ఇత్తడి టీ ముక్క ఒకటి. దాని మూడో మూతికి సూదిమొనంత బెజ్జం. సోలెనాయిడ్లు గట్రా లేని రోజుల్లో ఎవరో బూస్ట్ పెంచుకోడానికి చేసిన చవక ఏర్పాటు అది. ఆ బెజ్జం గుండా కొంత ఒత్తిడి ఎప్పుడూ కారిపోతూ ఉంటుంది. తర్వాత సోలెనాయిడ్ పెట్టినప్పుడు ఆ టీని తీసెయ్యలేదు. బెజ్జం మీద ఎం-సీల్ లాంటిదేదో పూసి మూసేశారు. ఏళ్ళ వేడికి ఆ పూత అంచు లేచింది. చల్లగా ఉంటే అతుక్కుని ఉంటుంది, వేడెక్కితే తెరుచుకుంటుంది. చల్లటి గరాజ్‌లో చేసిన నా సబ్బునీళ్ళ పరీక్షకి అందుకే దొరకలేదు. పొద్దున్న ఉండనిది సాయంత్రం రావడమూ అందుకే. కారణం చలి కాదు, నలభై నిమిషాల ప్రయాణం.

లెక్క వేసి చూశాను. సోలెనాయిడ్ వంద చెబితే డెబ్భై చేరుతుంది. టీ దగ్గర అందులో అయిదోవంతు పోతుంది. అంటే డబ్బాకి చివరికి చేరేది యాభయ్యారు. అసలు ఒత్తిడి పన్నెండున్నరకి చేరాక గానీ దానికి ఏడని వినబడదు. నిజంలో గొట్టాల లెక్క ఇంత సాఫీగా ఉండదు, కానీ గేజ్‌లో నేను చూసింది దీనికి దగ్గరే. ఎవరి అబద్ధం వాళ్ళవరకు మర్యాదైనదే. సోలెనాయిడ్ లెక్కప్రకారమే చెప్పింది. టీ పెట్టినవాడు కూడా తన కాలంలో లెక్క చూసుకునే పెట్టి ఉంటాడు. రెండూ కలిపితే ఎంతన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి టీ ముక్కని టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంటే ఇంటి గొట్టాలన్నీ వరసగా కనబడ్డాయి. నాన్నకి మెట్లెక్కుతుంటే ఛాతీలో పట్టేసినట్టు ఉండటం మూడు వారాల నించీ ఉంది. అమ్మ కంగారు పడుతుందని ఆవిడకి నాలుగైదు రోజుల నించనే చెప్పారు. అక్కకి పిల్లల పరీక్షలని అమ్మ దాన్ని నిన్నట్నించని చేసింది. వీధి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, రాత్రి మినపట్లు తిన్నారండీ అని అక్క కలిపింది. ఆయన గ్యాస్ మాత్రలు రాశాడు. ఆయన్ని తప్పుపట్టలేను, ఆయన విన్నదానికి సరైన మందే ఇచ్చాడు. మూడు వారాల నొప్పి ఒక్క రాత్రి అజీర్ణంగా మారేసరికి మధ్యలో ముగ్గురే ఉన్నారు. ముగ్గురూ ప్రేమగలవాళ్ళే. నాలుగు రోజుల తర్వాత అర్ధరాత్రి చెమటలు పోస్తే గుంటూరు తీసుకెళ్ళారు. సమయానికే వెళ్ళారు, అంతా మంచే జరిగింది. జరక్కపోయి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

కబురు అటు నుంచి ఇటు వచ్చేటప్పుడూ అంతే. డాక్టరు అక్కకి రెండు చోట్ల అడ్డం ఉందన్నాడు, ఒకదానికి స్టెంట్, రెండోది గమనిస్తూ ఉండాలన్నాడు. అక్క అమ్మకి చిన్న బ్లాకు, తీసేశారంది. అమ్మ నాన్నకి జాగ్రత్త కోసం ఉంచారంది. నాకు సెలైన్ చేరింది. నాకు చేరకపోవడం వల్ల నా అహం దెబ్బతింది, అంతే. మొదటి దారిలో కబురు పలచనవడం వేరే సంగతి, అక్కడ చివర్న ఉన్నది తలుపు తెరవాల్సిన మనిషి. ఓదార్పు కోరేవాడికి చెప్పే అబద్ధాన్నీ, పని చెయ్యాల్సినవాడికి చెప్పే అబద్ధాన్నీ మనం ఒకే మంచితనం ఖాతాలో రాసేస్తాం. చెప్పేవాళ్ళకి రెండూ ఒక్కలాగే అనిపిస్తాయి.

ఇంతసేపూ నన్ను నేను తప్పించుకుంటూ రాస్తున్నానని తెలుస్తూనే ఉంది. 2023లో నా ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఇంకో ఉద్యోగం చూసుకోడానికి అరవై రోజులు ఇస్తారు. యాభై రెండో రోజు దొరికింది. ఆ యాభై రెండు రోజులూ ఇంటికి రోజూ ఫోన్ చేశాను, ఆఫీసు నించి వచ్చి అలిసిపోయిన గొంతుతో. ఒక నెల డబ్బు పంపకపోతే అనుమానం వస్తుందని అప్పుచేసి పంపాను. ఆ డబ్బుతో వాళ్ళు డాబా మీద రేకులు వేయించారు. నిజం తెలిసుంటే వేయించేవాళ్ళు కాదు, ఆ డబ్బు నాకే వెనక్కి పంపేవాళ్ళు. అందుకే చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. గండం గడిచింది కదా, ఇక తీసి చూపించడం ఎందుకని పైన ఇంత పూసి మూసేశాను. ఇత్తడి టీ పెట్టినవాణ్ణి ఆ రాత్రి బూతులు తిట్టాను గానీ, ఎందుకు తీసెయ్యలేదో నాకు బాగా తెలుసు.

ఈ అబద్ధాల అసలు ఖరీదు నాకు తర్వాత అర్థమైంది. ఆ మణికట్టు మచ్చ చూశాక నేను కూడా పట్టిక మార్చేసుకున్నాను. జలుబు అంటే న్యుమోనియా అని వింటాను. అమ్మ ఫోన్ ఎత్తకపోతే ఐసీయూ బయట కుర్చీ కనబడుతుంది. నాన్న "బానే ఉన్నాన్రా" అంటే ఎంత శాతం కలపాలా అని చూస్తాను. వాళ్ళు తగ్గిస్తారని నేను పెంచుకుంటున్నాను. నిజంగానే బాగున్న రోజున కూడా నాకది చేరట్లేదు, పొద్దున్నపూట ఎనిమిది దగ్గరే చతికిలబడిన నా కారులాగ.

ద్రోణుడు కూడా ఇదే పరీక్ష చేశాడు. కొడుకు పోయాడని భీముడు అరిస్తే నమ్మలేదు. మధ్యవాళ్ళని తీసేసి, ఎన్నడూ అబద్ధమాడని మనిషి దగ్గరికి నేరుగా గొట్టం వేసుకున్నాడు. ధర్మరాజు నోటి నుంచి వచ్చినదాంట్లో అక్షరం కూడా అసత్యం లేదు. ఏనుగన్న మాట మాత్రం వినబడనంత పలచనైంది. భూమికి నాలుగంగుళాలు పైన పోయే అతని రథం ఆ క్షణంలో నేలకి దిగిందని చెప్పుకుంటాం, అది చెప్పినవాడికి పడిన శిక్ష. నాకు ఇప్పుడు విన్నవాడి గురించే దిగులేస్తుంది. ఆఖరి నేరుగొట్టం కూడా ఎవరో ముట్టుకున్నదైతే, ఇక లోకంలో పరీక్ష చెయ్యడానికి ఏం మిగిలింది?

అబద్ధమే వద్దని నేనూ అనలేను. అలా అనాలంటే సోలెనాయిడ్ పీకి అవతల పారేసి ఏడు మీదే నడపాలి. నాకు పది కావాలి. 1980ల మొదట్లో సాబ్ కంపెనీ ఏపీసీ అని ఒక ఏర్పాటు తెచ్చింది. ఇంజన్ దిమ్మకి ఒక సెన్సర్ తగిలించారు. అది నాక్ చప్పుడు కోసం ఎప్పుడూ చెవొగ్గి ఉంటుంది. వినబడిందా, కంట్రోలర్ వెంటనే బూస్ట్ దించేస్తుంది. పెట్రోలు ఏ రకం పోసినా సరే. నాకు నచ్చిందేమిటంటే, అక్కడ కూడా కబురుని పలచన చేస్తూనే ఉంటారు. కానీ ఆ పలచన వల్ల నొప్పి పుడుతోందా అని అసలు ఇంజన్నే అడుగుతుంటారు, మధ్యలో ఉన్న గొట్టాన్ని కాదు.

మా ఇంట్లో అలాంటి చెవి ఎవరు? అక్కతో రాజీ పడ్డాక ఒక్కటే అడిగాను. అమ్మకీ నాన్నకీ నువ్వేం చెప్పుకున్నా నాకు అనవసరం. రిపోర్టులు మాత్రం ఫోటో తీసి పంపు, నీ మాటలు వద్దు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నాన్నని ఒక్కణ్ణీ లోపలికి పంపు. నువ్వూ అమ్మా బయట కూర్చోండి. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాన్న ఒక్కరే అయితే డాక్టరుకి నిజం చెబుతారని నీకేంటి నమ్మకం?" అంది. నమ్మకం లేదు. కానీ అప్పుడు కనీసం ఒక్క బెజ్జమే ఉంటుంది, ఎక్కడుందో తెలుస్తుంది. మొన్న వెళ్ళినప్పుడు పావుగంట లోపలే ఉన్నారట. బయటికొచ్చాక ఏం చెప్పారని అక్క అడిగితే నవ్వి ఊరుకున్నారట.

కారుకి కొత్త సిలికాన్ గొట్టం వేశాను. మధ్యలో కీళ్ళు లేకుండా ఒకే ముక్క. పట్టికలో పాత శాతాలు మళ్ళీ పెట్టాను. పొద్దునా సాయంత్రమూ ముల్లు పది దగ్గరే ఉంటోంది. ఇత్తడి టీ డ్రాయర్లో ఉంది.

పోయిన ఆదివారం నాన్న అడిగారు.

"ఏరా, బండి బాగయిందా?"

"అయింది నాన్నా. చిన్న గొట్టం, అంతే."

"ఎంత అయిందేంటి?"

సోలెనాయిడ్ డెబ్భై, గ్యాస్కెట్లు, అద్దెకి తెచ్చిన కంప్రెసరు, తీసి చూసిన వేస్ట్‌గేట్, ఒకరోజు టోయింగు, అన్నీ కలిపి నాలుగొందలు దాటింది.

"పన్నెండు డాలర్లు" అన్నాను. గొట్టం ఖరీదు అంతే మరి.

"పరవాలేదే" అన్నారు నాన్న. వెనకనించి అక్క కిసుక్కుమనడం వినబడింది.